తాళంచెవి కాకినాడలో

అమలాపురంలో, కొబ్బరి పీచు గోదాం మీద
ఒక గది. రెండు ఫ్యాన్లు, ఒకటి తిరగదు.
సముద్రంలో గ్యాసు బావి మీద నిలబడ్డ ఇనప వేదిక
నాలుగు సెకన్లకోసారి ఒక మాట అంటుంది.
గొంతులో ఒత్తిడెంతో, కాళ్ళెంత వణుకుతున్నాయో,
ఏదో చెబుతుంది. ఏం చెబుతుందో నాకు తెలీదు.
బయల్దేరే ముందే దానికి తాళం పడుతుంది.
తాళంచెవి కాకినాడలో.

ఆ మాటని ముగ్గురు పడతారు:
ఓడలరేవులో నాగరత్నం గారు,
అంతర్వేదిలో కొల్లాటి దావీదు,
భైరవపాలెంలో మల్లాడి పోలేశు.
మూడు యాంటెన్నాలు, మూడు రకాల తుప్పు.
పోలేశు వారానికోసారి మంచినీళ్ళతో కడుగుతాడు.
"గాలి దీన్ని ఎండుచేప చేసేత్తందండి" అంటాడు.

గోదారి ధవళేశ్వరం దాటి చీలి
పాయలు పాయలుగా సముద్రంలోకి పోతుంది.
ఈ మాట సముద్రంలోంచి పాయలై వస్తుంది.
దాన్ని ఎదురు నడిపించి
మళ్ళీ ఒక్క నదిని చెయ్యడం నా పని,
ఒక్క గుక్క తాగకుండా.

ప్రతి మాట ముందూ ముప్పై రెండు అంకెలు
ముసుగు లేకుండా వస్తాయి.
నాట్ల తాడు పట్టినట్టు వాటిని పట్టుకుని
మూడు వరసలూ సరిచేస్తాను.
భైరవపాలెం ఎప్పుడూ వెంట్రుకవాసి వెనక.
తర్వాత పంచాయితీ.
ఇద్దరు ఒకటంటే ఒకటి, ఇద్దరు సున్నా అంటే సున్నా.
గట్టి గొంతుకి రూపాయి విలువ, పీల గొంతుకి పావలా.
ఒక్క అంకె చెడినా చాలు, అక్కడ మేడం గారి తెర మీద
మొత్తం విరిగిపోతుంది, నిమ్మచుక్క పడ్డ పాలలా.

మొన్న వాయుగుండం రాత్రి నలభై నిమిషాలు
ఒక్క మాటా అతకలేదు.
చివర్న ఉండే సరిచూపు లెక్క, తాళం తియ్యకుండానే
నేను చూసుకోగలిగింది అదొక్కటే,
తప్పు, తప్పు, తప్పు అంటోంది.
"తెరుచుకోవట్లేదమ్మా" అని కాకినాడ.
కింద గోదాంలో రేకులు లేచి పడుతున్నాయి.
ఓడలరేవూ భైరవపాలెమూ ఒకే మాట మీదున్నాయి, గట్టిగా.
అంతర్వేది ఒక్కటే అడ్డం, అదీ గొణుగుతూ.
పావలా వాడు. పావలా అని రాసింది నేనే.

చాలాసేపటికి కంటబడింది:
ఇద్దరూ తప్పుతున్నది ఒకే చోట,
పదిహేడో అంకె నుంచి ఇరవై దాకా, ప్రతిసారీ.
ఎవరి తప్పు వాళ్ళకుండాలి కదా.
ఇద్దరికీ ఒకే తప్పుందంటే
ఎవరో ఇద్దరి చెవిలోనూ ఊదుతున్నట్టు.
తూర్పున లంగరేసుకున్న ఏ ఓడో,
దాని రాడారు ఈలో.

దావీదుకి ఫోన్ చేశాను.
"నాది సన్నగానే ఉందండి,
కానీ మురికి లేదు" అన్నాడు, గాలి మధ్య.
ఆ నాలుగు అంకెల దగ్గర
రెండు రూపాయల్ని పక్కన పెట్టి పావలాని తీసుకున్నాను.
చెయ్యి కాస్త ఆగింది, అబద్ధమెందుకు.

లెక్క కుదిరింది.
"తెరుచుకుంది" అంది కాకినాడ. పెట్టేసింది.
అంతే. బాగుందనో, బాలేదనో,
ఎవర్నైనా దించాలనో, ఏమీ లేదు.

"ఏమందంటండీ?" దావీదు ఇంకా లైన్లోనే ఉన్నాడు.
"తెలీదు."
"మనం మోసిందేనా?"
"మనం మోసిందే."
కాసేపు వాన మాత్రమే వినబడింది.

తెల్లారగట్ల మెట్లు దిగుతుంటే
తడిసిన పీచు వాసన.
ఇద్దరాడవాళ్ళు అప్పుడే వచ్చి
మూడు పేటలు కలిపి తాడు పేనుతున్నారు.
ఏ పడవకని అడగబోయి ఊరుకున్నాను.

పట్టికలో దావీదు పేరెదురుగా
పావలా కొట్టేసి రూపాయి రాశాను,
పెన్సిల్‌తో.
ఓడ వెళ్ళిపోయాక మళ్ళీ చెరపాలేమో.